కంచె లోపలి నీతి

కాలనీల్లో శ్మశానం స్థలాల సంగతి ఈ వారం రాస్తానని మాటిచ్చాను. అది వచ్చే భాగానికి వాయిదా. మధ్యలో ఒక చిన్న పని వచ్చి మీద పడింది. పోలవరంలో మొదలై అమెరికా దాకా తిప్పి మళ్ళీ పోలవరంలోనే దింపింది. పొడుగ్గా ఉంటుంది, తీరిగ్గా చదవండి.

పని ఏమిటంటే, నలుగురు కోయ కుర్రాళ్ళు మా ఇంటికొచ్చి డీటీపీ చేయించిన నాలుగు పేజీలు చేతిలో పెట్టారు. "అన్నా, తెలుగు తప్పులుంటే దిద్దిపెట్టు, ప్రింటింగుకి ఇవ్వాలి" అన్నారు. ప్రాజెక్టు కింద ఊళ్ళు పోయి కాలనీకి వచ్చిన ఇళ్ళ పిల్లలు. ఇద్దరు డిగ్రీ, ఒకడు ఐటీఐ, ఇంకొకడు ఆ ప్రాజెక్టు పనుల్లోనే టిప్పర్ తోలి మానేశాడు. (తన ఊరిని ముంచే మట్టిని తనే మోశానని వాడే చెప్పి నవ్వుతాడు. నాకు నవ్వు రాదు.) పేజీల పైన పెద్దక్షరాలతో "మన పూనెం, మన నియమాలు" అని ఉంది.

పూనెం అంటే తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. గోండులు, కోయలు తమ సొంత మతానికి పెట్టుకున్న పేరు. మేం హిందువులం కాదు, క్రైస్తవులం కాదు, మాకు మా వేల్పులున్నాయి, మా గట్లున్నాయి, మా దారి మాకుంది అనే మాట. మహారాష్ట్ర గోండు పండితుడు మోతీరావణ్ కంగాలీ దీని మీద పుస్తకాలే రాశారు. ఒక్కో గోత్రం ఒక చెట్టుని, ఒక పిట్టని, ఒక జంతువుని కాపాడాలి, అందరూ కలిస్తే అడవంతా కాపాడినట్టే అని పూనెం చెప్పేవాళ్ళు అంటారు. ఆయన పనిచేసింది నాగపూర్‌లో. నాగపూర్ విచిత్రమైన ఊరు. ఆదివాసీని 'వనవాసి' అని పిలిచే సంఘం పుట్టిందీ అక్కడే, బాబాసాహెబ్ 1956 అక్టోబరు 14న లక్షల మందితో హిందూ మతం వదిలిందీ అక్కడే.

ఇంకో మాట. పిల్లల్లో ఒకడు 'కోడ్' అనే మాటను రెండు అర్థాల్లో వాడుతున్నాడు. జార్ఖండ్ ఆదివాసులు అడిగే సర్నా కోడ్ నీతి నియమావళి కాదు, జనాభా లెక్కల్లో తమ మతానికి ఒక ప్రత్యేక గడి. 2011 లెక్కల్లో గడి లేకపోయినా 49 లక్షల మందికి పైగా పట్టుబట్టి సర్నా అని రాయించుకున్నారు. 2020 నవంబరులో జార్ఖండ్ శాసనసభ తీర్మానం కూడా చేసింది. అది గుర్తింపు పోరాటం, నేను దాని పక్షం. ఈ నాలుగు పేజీలది వేరే సంగతి. ఎలా బతకాలో చెప్పే సంగతి.

మొత్తం ఇరవై ఒక్క నియమాలు. చాలావరకు నాకు ముచ్చటేసింది. విత్తనాల పండుగ చేయకుండా విత్తు చల్లకూడదు. మామిడికాయ పండుగ కాకుండా కొత్త కాయ కొరకకూడదు. ఒకే గట్టులో పెళ్ళి కూడదు. వేటాడిన మాంసం పంచకుండా తినకూడదు. అప్పు పేరుతో ఎవరినీ వెట్టి చేయించకూడదు. మనువు రాసినవాటితో పోల్చి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. అచ్చుతప్పులు దిద్దుకుంటూ పోతున్నాను. పద్నాలుగో నియమం దగ్గర పెన్ను ఆగింది. పండుగనాడు వేల్పు దగ్గరికి, పండుగ వంట దగ్గరికి బయటివాళ్ళు రాకూడదు. పదిహేడోది: తెగ దాటి పెళ్ళి చేసుకున్న ఆడపిల్లకీ, ఆమె పిల్లలకీ వేల్పులో భాగం లేదు.

ఆడపిల్లకి అని రాశారు. మగపిల్లాడి ఊసు లేదు.

అదే వారం మా వైపు నుంచి వెళ్ళి అమెరికాలో మినెసోటా రాష్ట్రంలో చదువుకుంటున్న ఒక తమ్ముడు ఫొటో పంపాడు. తెల్ల పెయింటు, పైన కోణం గోపురం, మన రాజమండ్రి వైపు లూథరన్ చర్చిల్లా ఉంది. ఒకప్పుడు లూథరన్ చర్చే. ఊరి పేరు మర్డాక్, మూడొందల మందికి కాస్త అటూ ఇటూ ఉంటారు. 2020లో ఆ చర్చిని ఆసాత్రూ ఫోక్ అసెంబ్లీ అనే సంస్థ కొనుక్కుంది. క్రైస్తవం రాకముందు ఉత్తర ఐరోపా జనం కొలిచిన ఓడిన్, థోర్ లాంటి దేవుళ్ళని మళ్ళీ కొలుస్తామంటారు వీళ్ళు. ఇది ఐరోపా సంతతి తెల్లవాళ్ళ మతం, మిగతావాళ్ళకి కాదు అని కూడా అంటారు. ఊళ్ళో గొడవైంది. చివరికి ఆ ఏడాది డిసెంబరులో పట్టణ కౌన్సిల్ అనుమతి ఇచ్చింది. కాదంటే మతస్వేచ్ఛ చట్టం కింద కోర్టుకి ఈడుస్తారని భయం.

తమ్ముడు అడిగింది ఇది: "అన్నా, వీళ్ళదీ పూర్వీకుల మతమే, మన ఏజెన్సీలో పిల్లలదీ పూర్వీకుల మతమే. ఇద్దరూ బయటివాళ్ళు వద్దనే అంటున్నారు. నువ్వు వాళ్ళని తిట్టి వీళ్ళని ఎలా మెచ్చుకుంటావు?"

మంచి ప్రశ్న. కామెంట్లలో అడిగే ప్రశ్న కాదు, నిద్ర పట్టనివ్వని ప్రశ్న.

ముందు వాళ్ళ సంగతి చూద్దాం. ఆ మతంలో 'తొమ్మిది ఉన్నత గుణాలు' అని ఒక పట్టిక బాగా తిరుగుతుంది. ధైర్యం, సత్యం, పరువు, విశ్వాసంగా ఉండటం, క్రమశిక్షణ, ఆతిథ్యం, కష్టపడటం, స్వశక్తి మీద నిలబడటం, పట్టుదల. టీషర్టుల మీద వేసుకుంటారు, పచ్చబొట్లు పొడిపించుకుంటారు. వినగానే వేల ఏళ్ళ నాటి శాసనం అనిపిస్తుంది. కాదు. 1970లలో ఇంగ్లండులో ఓడినిక్ రైట్ అనే చిన్న బృందం కూర్చింది. అమెరికాలో ఇలాంటిదే మరో పట్టిక తయారైంది. ఆధారంగా చూపేది హావమాల్ అనే పాత ఐస్లాండు కావ్యం. అది మనకి దక్కిన రాతప్రతి 1270 ప్రాంతానిది, అంటే ఐస్లాండు క్రైస్తవమయ్యాక రెండొందల డెబ్భై ఏళ్ళకి రాసింది. అందులో ఉండేది కూడా చాలావరకు లోకజ్ఞానమే. అతిథిని ఎలా చూడాలి, ఎంత తాగితే ఆపాలి, స్నేహితుణ్ణి ఎలా నిలుపుకోవాలి. మన వేమన, సుమతి శతకాలు చదివి ఎవరైనా తొమ్మిది మాటలు ఏరి, ఇవే తెలుగువారి ఆది ధర్మాలు అంటే ఎలా ఉంటుందో అలా.

కొత్తగా కూర్చారని నాకు అభ్యంతరం లేదు. కొత్తగా రాసుకోవడం తప్పైతే బాబాసాహెబ్ ఇరవైరెండు ప్రతిజ్ఞలూ తప్పే. పిల్లల నాలుగు పేజీలూ తప్పే. నా కన్ను పడింది ఆ పట్టికలో లేని మాట మీద. తొమ్మిదింటిలో సమానత్వం లేదు. దయ లేదు. న్యాయం లేదు. ఉన్న తొమ్మిదీ ఒక ముఠాకి కూడా సరిగ్గా సరిపోతాయి. దొంగల ముఠాకి ధైర్యం కావాలి, తమలో తాము నిజం చెప్పుకోవాలి, నాయకుడికి విశ్వాసంగా ఉండాలి, క్రమశిక్షణ మరీ కావాలి. 'బుద్ధుడు–ఆయన ధమ్మం'లో అంబేడ్కర్ చెప్పింది ఇదే. దొంగలకీ నీతి ఉంటుంది, వ్యాపారులకీ ఉంటుంది, కులంవాళ్ళకి తమ కులంవాళ్ళ పట్ల ఉంటుంది. అది తమ గుంపుని కాపాడుకునే నీతి, కాబట్టి సంఘానికి శత్రువు అంటారాయన. నీతి అందరికీ వర్తించేదై ఉండాలంటారు. అందుకే ఇరవైరెండు ప్రతిజ్ఞల్లో మనుషులంతా సమానమన్న నమ్మకం ఒకటిగా, సమానత్వం కోసం పనిచేయడం మరొకటిగా, రెండుసార్లు పెట్టారు.

పట్టికలో మూడోది పరువు. ఈ మాట తెలుగులో రాసేటప్పుడు నా చెయ్యి కాస్త వణికింది. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ప్రణయ్‌ని నరికించింది దేని పేరు మీద? ఆ తండ్రికీ తొమ్మిది గుణాల్లో ఏడెనిమిది ఉండే ఉంటాయి.

ఈ మతంవాళ్ళలో కొందరు వాడే రెండు మాటలు నేర్చుకున్నాను. ఇన్నన్‌గార్డ్, ఊటన్‌గార్డ్. కంచె లోపల, కంచె బయట. కంచె లోపలివాళ్ళకి నువ్వు మాట ఇస్తే నిలబెట్టుకోవాలి, అన్నం పెట్టాలి, వాళ్ళ కోసం చావాలి. బయటివాళ్ళకి ఏమీ బాకీ లేవు. ఇది చదివి నేను పెద్దగా నవ్వేశాను. మా ఆవిడ ఏమైందని వంటింట్లోంచి తొంగిచూసింది. పేర్లు చెప్పడానికి పాత నార్స్ భాష ఎందుకండీ, మన దగ్గర రెండక్షరాల మాటలున్నాయి. ఊరు, వాడ. ఊళ్ళో ఒకరికొకరు ఎంత మంచివాళ్ళో! పెళ్ళికి పందిళ్ళు వేసుకుంటారు, చావుకి భుజాలు పడతారు. ఆ మంచితనమంతా వాడ దగ్గరికొచ్చేసరికి ఆగిపోతుంది. వాళ్ళు నీతి లేనివాళ్ళు కాదు. నీతికి కంచె వేసుకున్నవాళ్ళు.

అయితే ఆ మతంలో అందరూ మర్డాక్ బాపతు కారు. ఇది చెప్పకపోతే నేనూ కంచె వేసినవాణ్ణే అవుతాను. ఐస్లాండులో ఈ మతాన్ని మళ్ళీ నిలబెట్టిన సంఘం 1972లో పుట్టింది, మరుసటి ఏడే ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. జాతిని చూసి చేర్చుకోవడం వాళ్ళ పద్ధతి కాదు. స్వలింగ జంటలకీ పెళ్ళి చేస్తామన్నందుకు 2015లో విదేశాల్లోని ఇదే మతస్థుల నుంచి తిట్ల ఉత్తరాలు వచ్చాయి వాళ్ళకి. 2016లో ఆ అమెరికా సంస్థ తెల్లజాతి గురించి, ఆడా మగా ఎలా ఉండాలనే దాని గురించి బాహాటంగా ప్రకటన చేసినప్పుడు, ఎన్నో దేశాల్లోని నూటికి పైగా సంఘాలు మీతో మాకు సంబంధం లేదని సంతకాలు పెట్టాయి. దాన్ని 'డిక్లరేషన్ 127' అంటారు. హావమాల్‌లో నూట ఇరవై ఏడో పద్యం, చెడు కనబడితే అది చెడని చెప్పమనే పద్యం, ఆ పేరుకి మూలం. ఒకే కావ్యం. ఒకరు దానిలోంచి పరువు తీసుకున్నారు, మరొకరు నోరు విప్పమనే మాట తీసుకున్నారు. పాత గ్రంథంలో ఏముందన్నది కాదు, దేన్ని ఏరుకుంటున్నామన్నది మన బాధ్యత.

ఇక మన కొండలకి వద్దాం. దీనికీ ఓ జర్మన్ దారం ఉంది. ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ పేరు విన్నారు కదా. వియన్నావాడు. ప్రాచీన జర్మన్ దేవుళ్ళ పేరుతో జాతి పిచ్చిని మతంగా మార్చిన గీడో ఫాన్ లిస్ట్ బతికిందీ ఆ నగరంలోనే. హైమన్‌డార్ఫ్ 1939లో యుద్ధం మొదలయ్యేనాటికి జర్మన్ పాస్‌పోర్టుతో ఇక్కడున్నాడు. శత్రుదేశస్థుడని బ్రిటిష్‌వాళ్ళు నిజాం రాజ్యం దాటి పోనివ్వలేదు. ఆ కట్టడిలోనే చెంచులతో, గోండులతో, మన పాపికొండల కొండరెడ్లతో బతికాడు. కొండరెడ్ల మీద పుస్తకం 1945లో వచ్చింది. తర్వాత 1967లో ఇంకో పుస్తకం రాశాడు, దక్షిణాసియా సమాజాల్లో నీతి గురించి. దేవుడికీ నీతికీ ముడి ఎంతవరకు ఉంది, శిక్ష భయం లేకుండా మనుషులు మంచిగా ఎలా ఉంటారు అన్నది అందులో ఆయన వెతుకులాట. తన దేశంవాళ్ళు పూర్వీకుల పేరు చెప్పి మనుషుల్ని గ్యాసు పెట్టి చంపుతున్న ఆ సంవత్సరాల్లో ఆయన ఇక్కడ పోడు చేసుకునేవాళ్ళ గుడిసెల ముందు కూర్చుని ఉన్నాడు. నాకు ఆ దృశ్యం తరచూ గుర్తొస్తుంది.

కానీ ఈ కొండల్లోనూ మెట్లున్నాయి. గొడ్డుమాంసం తింటారని కోయల్ని కొండరెడ్లు కింద చూసేవారు. కోయలు మమ్మల్ని కింద చూసేవారు. ఇది పుస్తకంలో చదివింది కాదు. మా అమ్మ తునికాకు కోతకి పోయేది. కోయ ఆడాళ్ళతో కలిసే కోసేది, వదినా అంటే వదినా అనుకునేవారు, కట్టలు కట్టేటప్పుడు ఒకే పాట. ఒక భూమి పండుగనాడు ఓ ఊళ్ళో దాహమేసి ఆగితే, అదే వదిన చెంబు పైకెత్తి అమ్మ దోసిట్లో పోసింది. చెంబు తగలకుండా. నేను పక్కనే ఉన్నాను, ఏడెనిమిదేళ్ళుంటాయి. నా దోసిట్లో కూడా పోసింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. అమ్మ తాగి, మూతి తుడుచుకుని, "దప్పిక తీరింది వదినా" అంది. ఇంటికెళ్ళేదాకా ఇంకేం మాట్లాడలేదు.

పద్నాలుగో నియమం చదివినప్పుడు నాకు కనబడింది ఆ చెంబు.

మరి పిల్లల మీద కోపం వచ్చిందా? రాలేదు. ఎందుకంటే పదిహేడో నియమం వెనకాల ఉన్న కథ కూడా నాకు తెలుసు. ఏజెన్సీలో గిరిజనేతరుడు భూమి కొనకూడదని 1/70 చట్టం ఉంది. దాన్ని దాటడానికి మైదానం పెద్దకులాల ఆసాములు కనిపెట్టిన తోవల్లో ఒకటి, కోయ పిల్లని చేసుకోవడం. పెళ్ళి అనొచ్చో లేదో. మైదానంలో ఒక సంసారం, ఏజెన్సీలో ఒక సంసారం. భూమి ఈమె పేరు మీద, పొగాకు డబ్బు ఆమె ఇంటికి. ఇలా పోయిన ఎకరాలు ఎన్నో ఆ పిల్లల తాతల్ని అడగండి. ఆ గాయంలోంచి పుట్టింది పదిహేడో నియమం. మర్డాక్‌లో తెల్లవాళ్ళ భూమి ఎవరు లాక్కున్నారు? ఆ రాష్ట్రం పేరే అక్కడి ఆదివాసుల భాషలోది. భూమి లాక్కున్నవాళ్ళ మనవలు రక్తం పేరుతో వేసే కంచె ఒకటి, భూమి పోగొట్టుకున్నవాళ్ళు ఉన్న కాస్తా నిలుపుకోవడానికి వేసే కంచె ఇంకొకటి. తమ్ముడికి నా జవాబు మొదటి సగం ఇదే. రెండిటినీ ఒక గాట కట్టడం కుదరదు.

రెండో సగం కష్టమైంది. దెబ్బ తిన్నవాడు వేసిన కంచె కూడా ఇంకో దెబ్బ తిన్నవాడికి తగులుతుంది. ఏజెన్సీలో దళితుల సంగతి చూడండి. తరాలుగా అక్కడే కూలి చేసుకుంటున్నా 1/70 లెక్కలో మైదానం ఆసామీ, మాలోడూ ఒకటే, ఇద్దరూ గిరిజనేతరులే. 2006 అటవీ హక్కుల చట్టంలో ఆదివాసీ కానివాడు మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు అక్కడున్నట్టు చూపించాలి. మా తాతకి పుట్టిన తేదీయే లేదు, కాగితం ఎక్కడిది? ప్రాజెక్టు వచ్చాక కాంటూరు గీత వచ్చింది. 41.15 మీటర్ల గీత లోపలుంటే ముందు నిర్వాసితుడివి, 45.72 గీత దగ్గరుంటే తర్వాత చూద్దాం. 2022 జులై వరదకి ఆ గీతలు తెలియవు, అందరి ఇళ్ళలోకీ వచ్చింది. గొందూరు గండి పోచమ్మ తల్లి గుడిలోకి కూడా వచ్చింది. ఆవిడ ఏ గీత లోపలుందో ఎవరు కొలిచారు!

ఆ వరదలో కోయ, మాల, మాదిగ, కొండరెడ్డి ఒకే ట్రాక్టరు ఎక్కాం. ఒకే టార్పాలిన్ కింద పడుకున్నాం. సహాయం ప్యాకెట్లు చింపుకుని ఒకే గిన్నెలో కలుపుకున్నాం. అప్పుడు చెంబుల ఊసు ఎవరూ ఎత్తలేదు.

అందుకని పిల్లల్ని పిలిచి కూర్చోబెట్టాను. మూడు గంటలు పట్టింది. కుల నిర్మూలనలో బాబాసాహెబ్ నియమానికీ సూత్రానికీ చేసిన తేడా చెప్పాను. నియమం ఎలా చేయాలో చెప్పి ఊరుకుంటుంది. సూత్రం తప్పొప్పులు నిన్నే తూచుకోమంటుంది, కాబట్టి జవాబుదారీ నీదవుతుంది. మీ పద్నాలుగు, పదిహేడు నియమాల వెనక సూత్రమేంటో ఒక వాక్యంలో రాయండి అన్నాను. టిప్పర్ కుర్రాడు టక్కున "భూమి పోకూడదు" అన్నాడు. సరే, అదే రాయండి. భూమి, వేల్పు పేరు మీదున్న చెట్లు, తెగ హక్కులు బయటివాడి చేతికి పోకూడదని గట్టిగా రాయండి, నేనూ సంతకం పెడతాను. దానికీ పండుగ కూటికీ ఏం సంబంధం? గంజి తాగి వెళ్ళినవాడు ఎకరం పట్టుకుపోతాడా?

పెళ్ళి సంగతి అంత తేలిగ్గా తెగలేదు. వాళ్ళ కాలనీలోనే ఒక కోయ పిల్ల మాదిగ కుర్రాణ్ణి చేసుకుంది. ఇద్దరికీ గజం భూమి లేదు. నాలుగేళ్ళ పాప. ఆ పాప వేల్పు దగ్గరికి వెళ్తే ఏం మునుగుతుంది, ఇంకా మునగడానికి ఏం మిగిలింది అన్నాను. ఒకడు తల వంచుకున్నాడు. ఐటీఐ కుర్రాడు మాత్రం ఊరుకోలేదు. "అన్నా, ఇవాళ పాపకని తలుపు తీస్తే రేపు ఆసామి కొడుకొచ్చి అమ్మ కోయదే అంటాడు. సర్టిఫికెట్ తెచ్చుకుంటాడు. మేం ఆపగలమా?" అన్నాడు. వాడి భయం ఉత్తది కాదు. 2012లో సుప్రీంకోర్టు, గుజరాత్ నుంచి వచ్చిన రమేష్‌భాయ్ నాయకా కేసులో, ఇలాంటి పిల్లల కులం తెగ తండ్రిని బట్టే అని కళ్ళు మూసుకుని తేల్చొద్దు, ఎవరి మధ్య పెరిగారు, ఏ అవమానాలు పడ్డారు అన్నది చూడాలి అంది. అదే వాడికి చెప్పాను. మీరూ అలాగే చూడండి, రక్తం చూడకండి, ఆ బిడ్డ ఎవరి బతుకు బతుకుతోందో చూడండి అన్నాను. "అది ఎవరు చూస్తారన్నా, కాలనీలో పెద్దలా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. కనీసం ఆడపిల్లకొక రూలు మగపిల్లాడికొక రూలు తీసెయ్యండి అన్నాను. దానికి నలుగురూ ఒప్పుకున్నారు, కాస్త సిగ్గుపడి.

అప్పుడు డిగ్రీ చదివేవాడు నన్నో మాట అడిగాడు. "అన్నా, మీ పేటలో పెద్దాళ్ళు మాదిగ పేట పెళ్ళిభోజనానికి వెళ్తారా?" వెళ్ళరు. మా మేనత్త ఇప్పటికీ వెళ్ళదు. చర్చిలో పక్కపక్కన కూర్చుంటుంది, ప్రభువు బల్లలో ఒకే రొట్టె తింటుంది, విందుకి మాత్రం మోకాళ్ళ నొప్పి వస్తుంది. ఇది వాళ్ళకి చెప్పాను. దాచి ఏం లాభం, వాళ్ళకి తెలిసే అడిగారు. మరి మీ పేటకి నాలుగు పేజీలు ఎప్పుడు రాస్తావు అన్నాడు. అదీ బాకీ ఉంది.

మొన్న ఆదివారం కొత్త ప్రతి వచ్చింది. పద్నాలుగో నియమం మారింది. వేల్పు పూజ తెగవాళ్ళదే, పండుగ కూడు మాత్రం వచ్చినవాళ్ళందరిదీ అని రాశారు. పదిహేడో నియమంలో 'ఆడపిల్ల' పోయి 'ఎవరైనా' వచ్చింది, మిగతాది అలాగే ఉంది. పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టి, 'పండుగ తర్వాత కూర్చుందాం' అని రాశారు. అచ్చుకి ఇంకా ఇవ్వలేదట.

తొలకరి పడగానే భూమి పండుగ. మమ్మల్ని రమ్మన్నారు. అమ్మకి చెప్పాను. మోకాళ్ళు పట్టేశాయి, బండి మీద కూర్చోలేదు, ఆటో మాట్లాడాలి. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ఆ వదిన బతికే ఉందా అని అడిగింది. కనుక్కుని చెప్తానన్నాను.

జై భీమ్.